వెన్నలో మల్లె: ఒక వదినా మరదళ్ళ సంవాదం

బెజవాడలో వైశాఖమాసం. మా అమ్మాయి సీమంతానికి వచ్చే యాభైమంది ముత్తైదువులకి గాజులు, తాంబూలంతో పాటు ఇంట్లో చేసిన బాడీ బటర్ ఇవ్వాలని మా ఆవిడ తీర్మానించింది. మామూలు బటర్ కాదు, మల్లెపూల వాసనతో. మా చెల్లెలు హైదరాబాదులో ఒక సౌందర్య సాధనాల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. సెలవుపెట్టి వచ్చిన పిల్ల, చెప్పులు విప్పకముందే ఈ మాట విన్నది. తరవాత జరిగింది ఇది. వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో ఇక్కడా అలాగే రాశాను. నా వంతు బ్రాకెట్ల లోపల.

మరదలు: యాభైమందికి పంచుతావా వదినా? యాభై రకాల చర్మాలు. ఎవరికి ఏది పడదో నీకెలా తెలుస్తుంది?

వదిన: కొట్లో కొని పంచితే ఆ కంపెనీవాడికి మాత్రం తెలుస్తుందేమిటి?

మరదలు: వాడికీ తెలియదు. కానీ ఏమేం వేశాడో డబ్బా వెనక రాస్తాడు. బ్యాచ్ నంబరు ఉంటుంది. ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళు ఆ డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయనకి చదవడానికి నాలుగు ముక్కలుంటాయి.

వదిన: ఆహా, బాగా రాస్తారు! 'పెర్ఫ్యూమ్' అని ఒక్క మాట అచ్చేసి దాని వెనకాల పాతిక రసాయనాలు దాస్తారు. ముందువైపేమో షియా కాయల బొమ్మ. లోపల షియా ఎంతుంటుందో నువ్వే చెప్పు, అక్కడే కదా నీ ఉద్యోగం.

మరదలు: చాలావాటిలో కొంచెమే ఉంటుంది, కాదనను. లోషన్ అయితే డెబ్బై శాతం అటూఇటూగా నీళ్ళే.

వదిన: అదీ మాట. నేను డబ్బులు పెట్టి నీళ్ళు పంచను. అచ్చంగా వెన్న పంచుతాను.

మరదలు: ఆ నీళ్ళు ఊరికే పోయలేదు వదినా. పొడిబారిన చర్మానికి కావలసింది నీళ్ళే. నూనె, వెన్న, నెయ్యి, ఏది రాసినా చర్మానికి తడి ఇవ్వవు. ఉన్న తడి ఆవిరైపోకుండా పైన మూతలా ఉంటాయి, అంతే. ఆ మూత పనిలో అన్నిటికంటే గట్టిది ఏదో తెలుసా? పెట్రోలియం జెల్లీ. పెన్సిల్వేనియా చమురుబావుల్లో పనిచేసేవాళ్ళు పంపుల కడ్డీలకి పట్టిన మైనంలాంటి మడ్డిని కాలిన గాయాలకి రాసుకోవడం చెజ్‌బ్రో అనే ఆయన చూశాడు. దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. వాసన ఉండదు, పాడవదు, పడనివాళ్ళు బహు అరుదు. చవక కూడా.

వదిన: సీమంతానికొచ్చిన ఆడవాళ్ళ చేతిలో పెట్రోలు మడ్డి పెట్టమంటావు.

మరదలు: శుద్ధిచేసినది అన్నాను.

వదిన: నువ్వెంత శుద్ధిచేసినా ఈ ఎండల్లో ఆ జిడ్డు ఎవరు రాసుకుంటారే? డబ్బా తీసి వాసన చూసి, బాగుంది అనుకుంటేనే రోజూ రాస్తారు. ఎంత గొప్ప మందైనా అలమరలో పడుంటే ఏం లాభం?

(ఈ మాటకి చెల్లెలు వెంటనే బదులు చెప్పలేదు. నాకు తెలిసి దీనికి బదులు లేదు కూడా. మన ఇళ్ళలో అలమరల నిండా ఉన్నవి మంచివే; వాడనివి.)

మరదలు: సరే, చేస్తావనే అనుకుందాం. ఏమేం కలుపుతావు?

వదిన: షియా బటరు, కొబ్బరినూనె, కాస్త గులాబీనీరు, కాస్త కలబంద గుజ్జు. గుజ్జు మన కుండీలోదే, అప్పటికప్పుడు తీస్తాను. పాడవకుండా నాలుగు విటమిన్ ఇ గొట్టాలు పగలగొట్టి పోస్తాను.

మరదలు: అయిపోయింది. పదిహేను రోజుల్లో యాభై ఇళ్ళలో బూజు.

వదిన: ఎందుకొస్తుంది? విటమిన్ ఇ వేశాననే చెబుతున్నానుగా?

మరదలు: వీడియోలు చేసేవాళ్ళలో సగంమంది బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. నూనె పాడవడం రెండు రకాలు. ఒకటి, గాలి తగిలి కనరెక్కడం. విటమిన్ ఇ దాన్ని కొన్నాళ్ళు ఆపుతుంది. రెండోది, సూక్ష్మజీవులు పెరగడం. వాటిని విటమిన్ ఇ ఏమీ చెయ్యదు. అచ్చమైన కొవ్వులో అవి పెరగవు, వాటికి నీళ్ళు కావాలి. నువ్వు గులాబీనీరు పోసినప్పుడే వాటికి కాపురం పెట్టించినట్టు. కలబంద ఇంకా ఘోరం, దానిలో నీళ్ళతోపాటు తిండి కూడా ఉంది. మా కంపెనీలో నీళ్ళున్న ప్రతి సరుకులోనూ ప్రిజర్వేటివ్ వేస్తాం. వేసి వదిలెయ్యం, కావాలని క్రిములు కలిపి అవి చస్తున్నాయో లేదో వారాలపాటు చూస్తాం. ఆ పరీక్ష నువ్వు వంటింట్లో ఎలా చేస్తావు?

వదిన: బూజు పడితే కంటికి కనిపించదా?

మరదలు: కనిపించేది బూజే. కంటికి కనిపించని బ్యాక్టీరియా ముందే చేరి ఉంటుంది. అదీ నెలలు నిండుతున్న మనిషి ఉన్న ఇంట్లో.

వదిన: మరి ఆయుర్వేదంలో శతధౌత ఘృతం ఉందిగా. నెయ్యిని రాగిపాత్రలో నీళ్ళుపోసి నూరుసార్లు కడిగితే తెల్లటి వెన్నలా వస్తుంది. అందులో నీళ్ళు లేవా?

మరదలు: ఉన్నాయి, అందుకే కొంచెం కొంచెంగా చేసి తొందరగా వాడేస్తారు. సీమంతంలో పంచిన డబ్బా ఏ కార్తీకంలోనో మూత తీస్తారు.

వదిన: అయితే నీళ్ళు మానేస్తాను. గులాబీనీరూ వద్దు, కలబందా వద్దు. ఇంకేమన్నా ఉందా?

మరదలు: ఉంది. గిన్నె తడిగా ఉండకూడదు. మరిగే నీళ్ళమీద గిన్నెపెట్టి కరిగిస్తావు కదా, ఆవిరి చుక్కలు లోపల పడకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకి మన ఊళ్ళో చెమటలు పడతాయి, అది గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. డబ్బా స్నానాలగదిలో పెట్టుకోకూడదు. తడివేళ్ళు ముంచకూడదు.

వదిన: నీళ్ళు వద్దు, తడి వద్దు అంటావు. ఒంటికేమో తడి కావాలంటావు.

మరదలు: తడి ఒంటిమీద ఉండాలి, డబ్బాలో కాదు. స్నానం చేసి నీళ్ళు అద్దుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే రాసుకోవాలి. గంటాగి రాసుకుంటే సగం ఫలితం పోయినట్టే. బటర్ తీసేది మాత్రం పొడి చెంచాతో.

వదిన: ఒప్పుకున్నాను. షియా, కొబ్బరినూనె కరిగించి, చల్లార్చి, బీటర్‌తో గిలక్కొడితే మబ్బులా పొంగుతుంది. డబ్బీల్లో నింపుతాను.

మరదలు: ఏ నెలలో?

వదిన: ఈ నెల్లోనేనే, సీమంతం పదిరోజుల్లో ఉందిగా.

మరదలు: కొబ్బరినూనె ఇరవైనాలుగు ఇరవైఅయిదు డిగ్రీలకే నీళ్ళయిపోతుంది. షియా మన ఒంటివేడికి కరుగుతుంది. బయట నలభైరెండు. వచ్చినవాళ్ళు డబ్బీని కారులో పెట్టి భోజనానికి కూర్చుంటారు. లేచి వెళ్ళి చూస్తే నీ మబ్బు అడుగున అరంగుళం నూనె. రాత్రికి మళ్ళీ గట్టిపడుతుంది కానీ, ఈసారి గరుగ్గా, ఇసకలాగా.

వదిన: ఆ ఇసక సంగతి నాకు చెప్పకు. అది పూస కట్టడం. నెయ్యి కాచి నిదానంగా చల్లారనిస్తే పూస కడుతుంది, గబుక్కున చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. నెయ్యికి పూస అందం, దీనికి కాదు. కాబట్టి కరిగించిన వెంటనే చల్లగా పెట్టాలి. అంతే కదా?

మరదలు: అంతే! కొవ్వులో తొందరగా గట్టిపడే భాగం ఒకటి, ఆలస్యంగా గట్టిపడేది ఒకటి ఉంటాయి. నిదానంగా చల్లారితే మొదటిది విడిపోయి గింజ కడుతుంది. దీనికి మేం ట్రైనీలకి ఒక పూటంతా క్లాసు పెడతాం.

(మా ఆవిడ ముఖంలో గెలుపు కనిపించింది. చెల్లెలు కూడా దాన్ని మనస్ఫూర్తిగానే ఇచ్చింది. చేతికి తెలిసిన విద్యని పుస్తకం ఒప్పుకోవడం నేను తరచుగా చూడను.)

వదిన: మరి ఎండకి ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు.

మరదలు: గిలక్కొట్టడం మానెయ్. అది పుష్యమాసం ముచ్చట. ఇప్పుడు కరిగించి పోసెయ్యడమే. కొబ్బరినూనె తగ్గించి కోకం వెన్న వెయ్యి. గోవా, కొంకణంలో పులుపుకి వాడతారే కోకం, దాని గింజల్లోంచి తీస్తారు. నలభై డిగ్రీల దగ్గరపడితే గానీ కరగదు, వాసన కూడా దాదాపు ఉండదు. కాస్త తేనెమైనం కూడా పడాలి. అది కరిగేది అరవై దాటాకే కాబట్టి మిగతావి మెత్తబడినా కారిపోకుండా పట్టి ఉంచుతుంది.

వదిన: షియా ఎక్కడో ఘనానుంచి, కోకం గోవానుంచి. మనదంటూ ఏమీ లేదా? మా పుట్టింటివైపు కొబ్బరితోటల్లో, పామాయిలు తోటల్లో కోకో అంతరపంటగా వేస్తారు. దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రలోనే. ఆ గింజల్లో సగం వెన్నేనటగా. మా తమ్ముణ్ణి నాలుగు కిలోలు పంపమంటాను.

మరదలు: సగం వెన్నే, నిజమే. కానీ మిక్సీలో రుబ్బితే నల్లటి ముద్ద వస్తుంది, వెన్న విడిగా రాదు. దానికి గట్టి ప్రెస్సు కావాలి. కొన్న కోకో వెన్న వాడొచ్చు, మంచిదే. కానీ శుద్ధిచెయ్యని కోకో వెన్న చాక్లెట్ వాసన వేస్తుంది. అందులో నీ మల్లె బతకదు.

వదిన: అయితే ఇప్పనూనె? ఆదిలాబాదు గోండులు వంటకి, ఒంటికి, దీపానికి దాన్నే వాడతారు. చలికాలం వెన్నలా పేరుతుంది కూడా.

మరదలు: చలికాలం పేరుతుంది, మేలో పేరదు. పైగా దాని వాసన దానికుంది, త్వరగా కనరెక్కుతుంది. సీమంతానికి వద్దులే.

వదిన: కొలతలు చెప్పు, రాసుకుంటాను.

మరదలు: రెండువందల గ్రాములకి షియా 90, కోకం 50, తేనెమైనం 10, పొద్దుతిరుగుడు నూనెగానీ నువ్వులనూనెగానీ 48, విటమిన్ ఇ 1, సువాసన 1. ఇరవై గ్రాముల డబ్బీలు పది వస్తాయి. అలాంటి వాయిలు అయిదు. చెంచాలతో కాదు, అన్నీ తూకం వెయ్యాలి.

వదిన: సువాసన ఒక్క గ్రామా! నేను చూసిన వీడియోలో పదిగ్రాములు పోసింది.

మరదలు: ఆవిడ మళ్ళీ ఏ వీడియో పెట్టిందో చూడు, దురద వీడియో అయివుంటుంది. ఒంటిమీద ఉండిపోయేదానికి ఒకశాతం దాటకూడదని మా అందరి లెక్క. గర్భిణి ఉన్న ఇంట్లో నేను అరశాతం అంటున్నాను. అసలు సువాసనే వద్దంటాను.

వదిన: ఇప్పుడొచ్చావు దారికి. నీ గొడవంతా వాసనమీదే.

మరదలు: అవును. నువ్వు చేసే వెన్నతో నాకు పేచీ లేదు. తడి తగలకపోతే అది ఏ వంటింట్లోనైనా చేసుకోవచ్చు. ఒంటికి పడకపోవడమన్నది ఎక్కువగా వాసనతోనే వస్తుంది.

వదిన: నేను అత్తరు పొయ్యడం లేదే, పూలవాసన అంటున్నాను. పువ్వు ప్రకృతి కాదా?

మరదలు: ప్రకృతి అయితే? దురదగుండాకు కూడా ప్రకృతే. లావెండరు, నిమ్మగడ్డి, గులాబీ, ఏ ఎసెన్షియల్ ఆయిలైనా పదులకొద్దీ రసాయనాల మూట. లినలూల్, లిమొనీన్, సిట్రాల్, జెరానియాల్. యూరప్‌లో ఇలాంటి ఇరవైఆరు పదార్థాలని ఒంటిమీద ఉండిపోయే సరుకులో 0.001 శాతం దాటితే పేరుపేరునా అచ్చెయ్యాలని నియమం ఉండేది. 2023లో ఆ జాబితాని ఎనభై దాటించారు. ఫ్యాక్టరీలో పుట్టినా, పువ్వులో పుట్టినా ఆ నియమం ఒకటే. పైగా లినలూల్, లిమొనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ ఎక్కువ అలర్జీ ఇస్తాయి. ఒకసారి ఒంటికి అలాంటి అలర్జీ అలవాటైతే మామూలుగా జన్మంతా పోదు.

వదిన: మల్లెపూలు తలనిండా పెట్టుకుని తిరిగే ఊళ్ళో, మల్లె పడదని ఎవరన్నా ఏడ్చారా?

మరదలు: జడలో పెట్టుకోవడం వేరు, సారం తీసి ఒళ్ళంతా పూసుకోవడం వేరు. అయినా ఆ సారం నీకెక్కడ దొరుకుతుంది?

వదిన: బజార్లో ఉంది. 'మల్లె ఎసెన్షియల్ ఆయిల్, నూరుశాతం సహజం', రెండొందలకి సీసా.

మరదలు: అది మల్లె కాదు వదినా, ప్రమాణం చేసి చెబుతాను. మల్లెని నిమ్మగడ్డిలాగా ఆవిరిపట్టి నూనె తియ్యలేరు, ఆ వేడికే వాసన చెడిపోతుంది. ద్రావకాలతో తీస్తారు, దాన్ని అబ్సల్యూట్ అంటారు. ఒక్క కిలో రావాలంటే వందలకిలోల పూలు పోయాలి. రెండొందలకి ఆ సీసా మూత కూడా రాదు. నువ్వు కొనబోయింది అచ్చంగా నువ్వు తిడుతున్న ఫ్యాక్టరీ రసాయనమే.

(ఇక్కడ మా ఆవిడ లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. ఓడిందనుకున్నాను. తొందరపడ్డాను.)

వదిన: సరే, సీసా మానేశాం. పువ్వునే వాడతాను. కొవ్వుకి వాసన పీల్చే గుణం ఉంది. ఫ్రిజ్‌లో మల్లెదండ పక్కన వెన్నగిన్నె పెడితే తెల్లారేసరికి వెన్నంతా మల్లె. అది ఏ వీడియో చూసీ నేర్చుకోలేదు. కోకం, నూనె కలిపిన కొవ్వుని పళ్ళేనికి పూసి దానిమీద మొగ్గలు పరిస్తే?

మరదలు: నువ్వు చెబుతున్నదానికి ఫ్రాన్సులో ఒక ఊరు ఊరంతా బతికింది. గ్రాస్ అని, అత్తర్ల ఊరు. గాజుపలకలమీద కొవ్వు పూసి జాజిపూలు పరిచేవాళ్ళు. రోజూ వాడినవి ఏరేసి కొత్తవి పరిచేవాళ్ళు, అలా వారాల తరబడి. మల్లె, జాజి, నేలసంపెంగలకి అదే సరైన పద్ధతి. ఎందుకంటే అవి కోశాక కూడా వాసన పుట్టిస్తూనే ఉంటాయి. గులాబీ అలా కాదు, కోశాక దాని పని అయిపోతుంది. అందుకని గులాబీని వేడికొవ్వులో వేసేవాళ్ళు.

వదిన: చూశావా! మరి వాళ్ళు ఏ కొవ్వు పూసేవాళ్ళు?

మరదలు: పందికొవ్వు, పశువుకొవ్వు.

వదిన: రామరామ.

మరదలు: నీకు కోకం ఉందిలే. అది ఇంట్లో నీడపట్టున పళ్ళెంమీద నిలబడుతుంది కూడా.

వదిన: మా అమ్మమ్మ ఇంకోటి చెప్పేది. నువ్వులూ పూలూ పొరలుపొరలుగా పోసి, వాడిన పూలు తీసేసి మళ్ళీ కొత్తవి పోసి, ఆ నువ్వుల్ని గానుగాడిస్తే నూనే వాసనొస్తుందని.

మరదలు: జౌన్‌పూర్ చమేలీ నూనె పేరుపడింది ఆ పద్ధతితోనే. నువ్వు గింజలోపలి నూనె కూడా కొవ్వేగా, అదే పీల్చుకుంటుంది. ఎండకి కరిగిపోతుందన్న భయమూ లేదు.

(ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గ్రహాలు, వానలు, వాస్తుతో పాటు గంధయుక్తికి కూడా ఒక అధ్యాయం కేటాయించాడు. పరిమళాలు కలపడం ఆయనకి పక్కపని కాదు. ఈ సంగతి నేను పైకి అన్నాను. ఇద్దరూ పట్టించుకోలేదు.)

వదిన: వీధిచివర చెక్కగానుగ ఉంది కానీ, నాలుగు గిద్దలు పట్టుకెళ్తే వాడు ఆడడు, బస్తా తెమ్మంటాడు. పళ్ళెం పద్ధతే నయం.

మరదలు: అందులోనూ నీళ్ళ బెడద ఉందని మరిచిపోకు. పువ్వంటే ఎక్కువభాగం నీళ్ళే. పైగా పూలమ్మేవాళ్ళు తాజాగా ఉండాలని గంటకోసారి నీళ్ళు చిలకరిస్తారు.

వదిన: మైలవరంనుంచి మధ్యాహ్నం మూటలు దిగుతాయి. అప్పుడే వెళ్ళి, నీళ్ళు చల్లకముందు విడిమొగ్గలు తెస్తాను. తొడిమలు తీసేసి పల్చటి గుడ్డమీద నీడన ఆరబెడతాను. సాయంత్రం విచ్చుకునే వేళకి పళ్ళెంమీద పెడతాను. పొద్దున్నే గోధుమరంగు తిరగకముందు ఏరేస్తాను. ఒక్క రేకు కూడా ఉండనివ్వను.

మరదలు: పదిరోజులూ అలాగే చేస్తావా?

వదిన: తొమ్మిది రోజులు చేస్తాను. రాత్రంతా ఏసీ ఉన్న గదిలో పెడతాను.

(ఆ గది నాది.)

మరదలు: చివర్న సన్నటి సెగమీద కరిగించి కదపకుండా ఉంచు. తడి ఏమన్నా చేరితే అడుగుకి దిగుతుంది. పైతేట మాత్రమే వంచి గుడ్డలో వడకట్టు. అడుగుది పారెయ్, నీ పొదుపు చూపించకు. ఇంత చేసినా బజారు సీసాలా గుప్పుమనదు, ముందే చెబుతున్నాను. మూత తీస్తే లీలగా తెలుస్తుంది, అంతే.

వదిన: నాకు లీలగానే కావాలి. ఇంకోటి కూడా ఆలోచించాను. మల్లె తేలిపోతే అడుగున ఒక నిలకడైన వాసన ఉండాలి. సున్నిపిండిలో వేసేవి ఉన్నాయిగా, వట్టివేళ్ళు, కచ్చూరాలు, బావంచాలు. వాటిని ఆ నూనెలో నానబెట్టి...

మరదలు: బావంచాలా!

వదిన: ఉలిక్కిపడతావెందుకు? మీ అమ్మ నలుగుపిండిలో నీకు అవే రాసి పెంచింది.

మరదలు: బావంచాల్లో సొరలెన్ ఉంటుంది వదినా. బొల్లిమచ్చలకి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళు చూడు, దానికే. సొరలెన్ ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చ పడుతుంది. బెజవాడలో, మే నెలలో!

వదిన: ఇన్నేళ్ళుగా నలుగు పెట్టుకుంటున్నాం, ఎవరూ కమిలిపోలేదే?

మరదలు: నలుగు పెట్టుకుని ఏం చేస్తావు?

వదిన: కడిగేస్తాను.

మరదలు: బటర్ రాసుకుని?

వదిన: ...

మరదలు: అదే నేనింతసేపూ చెబుతున్నది. కడిగేసేది వేరు, ఒంటిమీద ఉండిపోయేది వేరు. మన పాత సరుకులన్నీ దాదాపు కడిగేసేవే. నూనె రాసినా తరవాత తలంటు ఉండేది. పొద్దున రాసి రాత్రిదాకా ఉంచుకునే సరుకు మనకి కొత్త. పాత పెట్టెలోంచి ఏది తీసినా ఆ ప్రశ్న వేసుకుని తియ్యాలి.

వదిన: చమక్కుగా ఉంటుందని నిమ్మతొక్కనూనె కూడా అనుకున్నాను.

మరదలు: తొక్కపిండి తీసిన నిమ్మనూనెదీ ఇదే జబ్బు, ఎండకి పడదు.

వదిన: బావంచాలు తీసేశాను. కానీ ఒకటి చెప్పు, మీ కంపెనీ పోయిన సంక్రాంతికి నాకు పంపిన సీరం మీద 'బాకుచియోల్' అని ఉంది. నెట్‌లో వెతికితే బాకుచి అంటే బావంచాలే అని వచ్చింది. మీరు వెయ్యొచ్చు, నేను వెయ్యకూడదా?

మరదలు: మేం సొరలెన్ విడదీసేస్తాం. బాకుచియోల్ ఒక్కటే తీసుకుంటాం.

వదిన: అంటే మా సున్నిపిండి డబ్బాలో సరుకే, విడదీసి, నెలజీతమంత ధర పెట్టి మాకే అమ్ముతున్నారు.

మరదలు: ...

(ఇద్దరికీ చెరో మూడు చుక్కలు. సమానం.)

మరదలు: వట్టివేళ్ళు మాత్రం బాగుంటాయి. ఎండువేళ్ళు కాబట్టి తడి గొడవ లేదు. కడిగి మళ్ళీ కరకరలాడేదాకా ఆరబెట్టి, తుంచి, నూనెలో వేసి గోరువెచ్చని నీళ్ళగిన్నెలో మూడునాలుగు గంటలుంచు. వడకట్టు. దాని వాసన బరువుగా ఉంటుంది, మల్లెని కాస్త ఆపుతుంది కూడా.

వదిన: పచ్చకర్పూరం చిటికెడు?

మరదలు: వద్దేవద్దు. పసిపిల్లలున్న ఇంట్లో కర్పూరం ఏ రకమైనా ఒంటికి రాయకూడదు. వచ్చేవాళ్ళలో ముగ్గురికి చంటిపిల్లలున్నారు. తల్లి చేతికి రాసుకుంటే పిల్లకి రాసినట్టే.

వదిన: డబ్బీమీద ఏం రాయాలో చెప్పు మరి. రేపు పెద్దబ్బాయి ప్రింటుకిస్తాడు.

మరదలు: వేసినవన్నీ రాయి, నువ్వులతో సహా. నువ్వులు పడనివాళ్ళుంటారు. చేసిన తేదీ రాయి. మూడునెలల్లో వాడేయండి అని రాయి. ముందు మోచేతి లోపలివైపు రాసి రెండురోజులు చూడండి అని రాయి. పది డబ్బీలు వాసన లేకుండా చేసి విడిగా పెట్టు, అడిగినవాళ్ళకివ్వు.

వదిన: 'సహజమైనది' అని పైన పెద్దక్షరాలతో వేయిస్తాను.

మరదలు: అది మాత్రం వద్దు. ఆ మాట చూడగానే మిగతా అయిదు వాక్యాలు ఎవరూ చదవరు.

వదిన: తొమ్మిది రోజులు మొగ్గలు ఏరిన నడుంనొప్పితో ఉంటాను, ఆ ఒక్కమాటకి నోచుకోనా?

మరదలు: 'ఇంట్లో చేసినది' అని వేసుకో. అది నిజం.

వదిన: బాగుందంటే అపార్ట్‌మెంటు గ్రూపులో అమ్ముదామనుకున్నాను కూడా.

మరదలు: పంచుకోవడంతో సరిపెట్టు. అమ్మకానికి చేస్తే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు కావాలి. అది వంటింటికి ఇవ్వరు.

వదిన: పోనీలే. పురుడొచ్చాక బుజ్జిగాడికి ఒళ్ళు పాముకోవడానికి ఒక వాయి పక్కన పెడతాను.

మరదలు: వాసన లేనిదైతే కాస్త ఆలోచిస్తాను. పుట్టిన వెంటనే మాత్రం వద్దు, డాక్టరుని అడిగి. పొద్దుతిరుగుడు నూనెకి మంచిపేరుంది. ఢాకా ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లలకి రాస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. ఆవనూనె వద్దు. వేరుసెనగ, బాదం నూనెలు కూడా, ఎగ్జిమా ఉన్న పసిఒంటికి రాస్తే తరవాత అవి తింటే పడకుండా పోతాయేమోనన్న అనుమానం డాక్టర్లకుంది.

వదిన: మల్లెవాసన వద్దా వాడికి?

మరదలు: వద్దు. వాడికి అమ్మ వాసన చాలు.

వదిన: సరే, స్నానం చేయించాక సాంబ్రాణి పొగ ఎలాగూ వేస్తాంగా, ఆ వాసన చాల్లే.

మరదలు: సాంబ్రాణి పొగా? వదినా, చెప్పులు విప్పి వస్తాను, కూర్చో.